మధ్యవర్తులు వద్దు

టార్చ్ వెలుగు నీళ్ళ మీద పడుతుంది.

ఆమె కదలదు.

పూల్ లోతు వైపు, అడుగున, నిచ్చెన కింది మెట్టు పట్టుకుని మూలకి ఒదిగి ఉంది. వీపుకి టైల్స్ చల్లగా తగులుతున్నాయి. పైన పాచి పట్టిన పచ్చటి నీళ్ళు. ఆ నీళ్ళకి పైన గట్టు మీద ఒక మనిషి. అతని ఒక చేతిలో టార్చ్. రెండో చేతిలో...

రివాల్వర్!

నీళ్ళలోకి జారే ముందు ఆమె దాన్ని స్పష్టంగా చూసింది.

వెలుగు గట్టు వెంట పాకుతోంది. మెట్ల దగ్గర ఆగుతుంది. మళ్ళీ కదులుతుంది.

ఊపిరి బిగబట్టడం ఆమెకు కొత్త కాదు. వయసులో ఉన్నప్పుడు ఒక్క ఊపిరితో పూల్ ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్ళి తిరిగి వచ్చేది. చూసేవాళ్ళకి భయం వేసేది. ఆమెకి వేసేది కాదు.

ఇప్పుడా వయసు లేదు. కుడి భుజం ఎప్పుడో అరిగిపోయింది. పొద్దున్నుంచి బ్యాచ్ తర్వాత బ్యాచ్ పిల్లల్ని నీళ్ళలో ఎత్తి దించిన ఒళ్ళు ఇది.

గుండె చప్పుడు చెవుల్లో వినబడుతోంది.

భయంగానే ఉంది. కానీ భయం కంటే అలసటే ఎక్కువగా ఉంది. ఇక్కడే, ఇలాగే కళ్ళు మూసుకుంటే హాయిగా నిద్ర పట్టేస్తుందేమోనని ఒక పిచ్చి ఆలోచన.

రేపు పొద్దున్న రిజిస్ట్రేషన్.

ఒక్క రాత్రి గడిస్తే ఈ ఇల్లు ఆమెది. ఈ పూల్ ఆమెది.

*

ఆమెని అందరూ కోచ్ అంటారు. నేర్చుకునే పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, కూరగాయల కొట్టువాడు... ఆఖరికి మొగుడు కూడా. ఊళ్ళో సగం మందికి ఈత నేర్పింది ఆమే. నేర్పినదంతా క్లబ్బు పూల్‌లో. నిరుడు క్లబ్బు వాళ్ళు ఆ పూల్‌ని మట్టితో పూడ్చి కార్ పార్కింగ్ చేశారు. లారీలు మట్టి పోస్తుంటే ఆమె చేతులు కట్టుకుని చివరిదాకా నిలబడి చూసింది. ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా పడుకుంది.

ఆ తర్వాత ఒక హోటల్ పూల్‌ని గంటల లెక్కన అద్దెకి తీసుకుంది. పిల్లలు గోల చేస్తున్నారని అక్కడ దిగినవాళ్ళ ఫిర్యాదులు. ఇలా ఇంకెంతకాలం అని మొగుడు అడిగాడు. అతను బ్రెడ్ వ్యాన్ నడుపుతాడు. లోకం నిద్ర లేవకముందే లేస్తాడు, లోకం టీవీ పెట్టుకునే వేళకి నిద్రపోతాడు. మాట్లాడుకోవడానికి ఇద్దరికీ దొరికేది మధ్యాహ్నం కాసేపు. ఆ కాసేపట్లోనే తేల్చుకున్నారు. ఉన్న ఫ్లాట్ అమ్మేద్దాం. పూల్ ఉన్న ఇల్లు ఏదైనా, పాతదైనా సరే, కొందాం. కింద బడి, పైన కాపురం.

బ్రోకర్లు తిప్పారు. తిప్పి తిప్పి చంపారు. ఒకడు పూల్ అని తీసుకెళ్ళి నీళ్ళ తొట్టి చూపించాడు. ఇంకొకడు చూపించిన పూల్‌లో కోళ్ళు పెంచుతున్నారు.

అలాంటి రోజుల్లో ఒక గేటుకి వేలాడుతున్న అట్ట కంటబడింది. చేత్తో రాసింది. ఇల్లు, ఈతకొలను అమ్మబడును. నేరుగా యజమానితోనే. మధ్యవర్తులు వద్దు.

తలుపు తీసినవాడికి యాభై దాటి ఉంటాయి. చేతిలో గరిటె. నెరిసిన గడ్డం. ఓడలో ఇంజిన్ గదిలో పనిచేశాడట. వీధిలో వాళ్ళకి మాత్రం కెప్టెన్. తనకసలు ఈతే రాదని, ఓడ ఉండగా ఈతెందుకని నవ్వాడు. టీ ఇచ్చాడు. అన్ని గదులూ తిప్పి చూపించాడు. పూల్ పక్కనున్న పంపు గది ఒక్కటే తాళం వేసి ఉంది. మోటారు పాతది, చెయ్యి పెడితే షాక్ కొడుతుంది, మెకానిక్ వచ్చి బాగుచేశాక తీస్తానన్నాడు. హాల్లో ఫొటో చూపించి, అమ్మ... పోయినేడు పోయింది, అన్నాడు. అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. కోచ్‌కి కూడా కళ్ళు చెమర్చాయి.

కాగితాలు లాయరు చూశాడు. సరిగ్గానే ఉన్నాయన్నాడు.

అంతా సరిగ్గానే ఉంది. ఫ్లాట్ అమ్మేశారు. సామాన్లు అట్టపెట్టెల్లో కట్టేశారు.

ఒక్క అనుమానం మిగిలింది. పూల్ కారుతోందా?

పాత పూల్‌కి పగులుంటే కొన్నవాళ్ళ పని అయిపోయినట్టే. నిన్న మధ్యాహ్నం నీటి అంచున సుద్దముక్కతో గీత గీసి వెళ్ళింది. ఒక రోజాగి చూస్తే మట్టం తగ్గిందో లేదో తెలిసిపోతుంది. కాగితాల పని మీద పక్క ఊరికి వెళ్తున్నానని, పొద్దున్నే వస్తానని, కావాలంటే వెనక గేటు తీసుకుని చూసుకోమని కెప్టెనే చెప్పాడు.

సాయంత్రం బ్యాచ్ అయ్యాక వచ్చింది. పొద్దుగూకి కాసేపే అయింది.

గీత నీటి అంచునే ఉంది. చుక్క తగ్గలేదు.

అప్పుడామెకి ఎన్నాళ్ళ తర్వాతో ఒళ్ళు తేలికపడింది. బ్యాగు పక్కన పెట్టి, బూట్లు విప్పి, గట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టింది. నేర్పాల్సిన పిల్లల్లేరు. విజిల్ లేదు. నీళ్ళు, తను.

అప్పుడు వినబడింది... దగ్గు.

పంపు గదిలోంచి.

*

మొదట పిల్లి అనుకుంది. మళ్ళీ దగ్గు. తర్వాత గొంతు. చిన్నోడా, వచ్చావా, అని.

కోచ్ లేచి వెళ్ళింది. తలుపుకి బయట తాళం. పైన చిన్న కిటికీ, దానికి ఇనుప జాలీ. బకెట్ బోర్లించి ఎక్కి చూసింది. జాలీ అవతల ముసలి ముఖం, ఆవిడా దేనిమీదో ఎక్కినట్టుంది. నెత్తి మీద తెల్లటి జుట్టు చక్కగా దువ్వి ఉంది.

"ఎవరమ్మా నువ్వు?"

"ఇల్లు కొనుక్కుంటున్నామండీ."

"ఏ ఇల్లు?"

"ఇదేనండీ... ఈ ఇల్లే."

ముఖం జాలీకి ఇంకా దగ్గరగా వచ్చింది.

"ఇది నాది. నేను అమ్మట్లేదే," అంది పెద్దావిడ.

ఆ ముఖాన్ని కోచ్ ఎక్కడ చూసిందో అప్పుడు గుర్తొచ్చింది. హాల్లో. ఫొటోలో. ఎలా చెప్పాలో తెలియక, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

"మీరు పోయారని చెప్పారండీ, మీ అబ్బాయి."

పెద్దావిడ ఏడవలేదు. అరవలేదు. జాలీకి నుదురు ఆనించి అలాగే నిలబడింది. ఇల్లు చూడ్డానికి మనుషులొస్తున్నప్పటి నుంచీ తనని ఇందులో పెడుతున్నాడని, రంగులు వేయిస్తున్నాను, వాసన పడదు నీకు అని చెప్పాడని, ఆమే ముక్కలు ముక్కలుగా చెప్పుకొచ్చింది. రంగుల వాసన రాలేదేమిటా అనుకుందట.

కోచ్ ఫోన్ కోసం వెనక్కి తిరిగింది. ఫోన్ బ్యాగులో ఉంది. బ్యాగు గట్టు మీద ఉంది.

సగం దారిలో ఉండగా కారు హెడ్‌లైట్లు!

పొద్దున్న వస్తానన్న కెప్టెన్ అప్పుడే వచ్చేశాడు. ముందు గేటు తెరుచుకుంది. వెనక గేటు దాకా పరిగెత్తాలంటే ఆ వెలుగు దాటాలి. వీల్లేదు. కారు తలుపు చప్పుడు. అడుగులు. వెనక గేటు తీసి ఉండడం చూశాడేమో, ఇంట్లోకి వెళ్ళి మళ్ళీ బయటికొచ్చాడు. ఈసారి చేతిలో టార్చ్, రివాల్వర్.

ఆమెకి తెలిసిన చోటు ఒక్కటే. చప్పుడు కాకుండా నీళ్ళలోకి జారింది.

బ్యాగు గట్టు మీదే ఉండిపోయింది.

*

ఊపిరి అయిపోతోంది.

ఛాతీ లోపల ఎవరో గుద్దుతున్నట్టుంది. టార్చ్ వెలుగు అటు తిరగ్గానే నిచ్చెన నీడలో ముక్కు మాత్రం పైకి తెస్తుంది. ఒక గుక్క గాలి. మెల్లగా... చప్పుడు కాకుండా.

కుర్చీ లాగిన చప్పుడు.

కెప్టెన్ గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఒళ్ళో ఆమె బ్యాగు. దాని మీద రివాల్వర్. టార్చ్ ఆపేస్తాడు.

"కోచ్ గారూ, బయటికి రండి. జలుబు చేస్తుంది."

ఆమె నిచ్చెనకి ఇంకా అతుక్కుంటుంది.

"మీరు ఎంతసేపైనా ఉండగలరని నాకు తెలుసు. నేనూ కూర్చోగలను. నాకేం పని?"

గొంతులో బెదిరింపు లేదు. అదే ఆమెని ఎక్కువ భయపెడుతోంది. తనలాగే అలసిపోయిన మనిషి గొంతు అది.

తల పూర్తిగా పైకెత్తుతుంది. నిచ్చెన పట్టుకునే ఉంటుంది.

"ఆవిడ బతికే ఉన్నారు," అంటుంది.

"ఉంది."

"తాళం తియ్యండి."

"తీస్తాను. రేపు సంతకాలయ్యాక."

తర్వాత అతను చాలాసేపు మాట్లాడతాడు. చీకటికి చెప్పుకుంటున్నట్టు, ఆమె వైపు చూడకుండా. ఓడ మీద ఉండగా ఫోన్ వచ్చిందట, అమ్మ చావుబతుకుల్లో ఉందని. ఉద్యోగం వదిలేసి, రేవుల మీద రేవులు మారి వచ్చి పడితే, అమ్మ వంటింట్లో కూర్చుని బఠాణీలు వలుస్తోంది. వచ్చావా చిన్నోడా, చేతులు కడుక్కో, అందట. అప్పటికి అతనికి గడ్డం ఇంకా నల్లగానే ఉంది. మళ్ళీ వెళ్దామనుకున్నప్పుడల్లా ఆవిడకి ఆయాసం. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా గుండెనొప్పి. డాక్టర్లు ఏమీ లేదనేవారు. డాక్టర్లకేం తెలుసు అనేది ఆవిడ. ఇల్లు అమ్మి చిన్నది తీసుకుందాం, మనిషిని పెడదాం అంటే, నేను పోయాక అమ్ముకో అందట.

"అందుకని పోయిందని రాయించాను," అంటాడు. చిన్నగా నవ్వుతాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోతుంది.

ఆమెకి చలి పుడుతోంది. పళ్ళు కొట్టుకుంటున్నాయి.

"ఇంటికి వెళ్ళండి, కోచ్ గారూ. ఈ సాయంత్రం మీరిక్కడికి రాలేదు. రేపు ఆఫీసు దగ్గర కలుద్దాం. సంతకాలు పెట్టుకుందాం. ఎల్లుండికి మీ పిల్లలు ఇందులో ఈత కొడుతుంటారు. నేను నా దారిన పోతాను."

"మరి ఆవిడ?"

"తీసుకెళ్తాను."

"ఎక్కడికి?"

అతను నీళ్ళ వంక చూస్తాడు. లోతు వైపు.

"అది ఇంకా ఆలోచించలేదు," అంటాడు చివరికి.

*

ఆమె ఆలోచిస్తుంది.

నిజంగానే ఆలోచిస్తుంది. ఒక్క క్షణం. ఆ క్షణాన్ని తర్వాత ఎన్నిసార్లు తల్చుకున్నా ఆమెకి ఒళ్ళు జలదరిస్తుంది.

ఫ్లాట్ లేదు. క్లబ్బు లేదు. భుజం ఇంకెన్నేళ్ళు వస్తుందో తెలీదు. ఇన్నాళ్ళూ ఎవరెవరి పూల్‌లోనో, ఎవరెవరి దయ మీదో బతికింది. ఊరుకుంటే చాలు. చేయాల్సింది ఏమీ లేదు. ఇంటికెళ్ళి పడుకుంటే చాలు. పడుకోవడం... ఎంత బాగుంటుందో!

అప్పుడు పంపు గదిలోంచి ఆ గొంతు.

"చిన్నోడా, ఆవిడకి తువ్వాలు ఇవ్వరా. తడిసిపోయి ఉంటుంది పాపం."

కెప్టెన్ కళ్ళు మూసుకుంటాడు.

కోచ్ నిచ్చెన వదిలి గట్టు దగ్గరికి ఈదుతుంది.

"సరే, వెళ్తాను," అంటుంది. "చెయ్యి ఇవ్వండి. భుజం లేవట్లేదు."

భుజం సంగతి అబద్ధం కాదు. అందుకే అతను నమ్ముతాడు.

కుర్చీలోంచి లేస్తాడు. బ్యాగు కుర్చీలో పెడతాడు. రివాల్వర్ కుడిచేతిలోనే ఉంచుకుని, గట్టు అంచున ఒంగి ఎడమ చెయ్యి చాస్తాడు. ఆమె ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంటుంది. పాదాలు గోడకి తన్నిపెడుతుంది.

లాగుతుంది!

ధన్!

చెవులు గింగురుమంటాయి. తూటా ఆకాశంలోకి పోయిందో, గోడకి తగిలిందో తెలీదు. అతని ఒళ్ళు ఆమె మీద పడుతుంది. ఇద్దరూ నీళ్ళ కిందకి.

చీకటి. బుడగలు.

అతని చేతులు ఆమె మెడకి చుట్టుకుంటాయి. చంపాలని కాదు. మునిగేవాడు ఏది దొరికితే దాన్ని పట్టుకుంటాడు, అంతే. ఆ పట్టు ఆమెకి తెలుసు. విడిపించుకోవాలని పైకి తన్నుకుంటే ఇద్దరూ పోతారు.

ఆమె కిందకి వెళ్తుంది.

ఇంకా కిందకి. అడుగుకి.

గాలి కోసం అతని చేతులు వదిలేస్తాయి. పైకి తన్నుకుంటాడు. పైకి రావడం రాదు. కాళ్ళు గుడ్డిగా కొట్టుకుంటున్నాయి.

ఆమె పైకొచ్చి గాలి పీలుస్తుంది. మెట్లు దగ్గర్లోనే ఉన్నాయి. నడిచి బయటికెళ్ళిపోవచ్చు.

వెనక నీళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు. తగ్గుతోంది. ఇంకా తగ్గుతోంది...

ఛీ, అనుకుంటుంది. ఎవరిని తిట్టుకుందో ఆమెకే తెలీదు.

వెనక్కి ఈదుతుంది. అతని గడ్డం కింద మోచెయ్యి వేసి, ముఖం నీటి పైకి తిప్పి, ఒక్క చేత్తో నీళ్ళు నెట్టుకుంటూ లాక్కొస్తుంది. భుజంలో ఏదో తెగినట్టు నొప్పి. మెట్ల మీదికి ఈడుస్తుంది. పక్కకి తిప్పి వీపు మీద చరుస్తుంది. అతను నీళ్ళు కక్కుతాడు. దగ్గుతాడు.

బతికాడు.

అతని జేబులో చెయ్యి పెట్టి తాళాలు తీసుకుంటుంది.

*

పోలీసులకి ఫోన్ చేశాకే తాళం తీస్తుంది.

ఆ గదిలో ఏముంటుందని ఊహించుకుందో ఏమో గానీ, లోపల చూసి ఆగిపోతుంది. ఉతికిన దుప్పటి పరిచిన మంచం. తల దగ్గర చిన్న ఫ్యాను. పళ్ళెంలో తొక్క తీసి కోసిన పండు, మీద మూత. మందులు పూట పూటకీ విడివిడిగా సర్ది ఉన్నాయి. ఎంత శ్రద్ధగా చూసుకున్నాడు! ఎంత శ్రద్ధగా చూసుకుని తాళం వేశాడు!

"పదండమ్మా, బయటికి," అని చెయ్యి పట్టుకుంటుంది.

పెద్దావిడ ఆ చెయ్యి విడిపించుకుంటుంది. మంచం మీది తువ్వాలు తీసుకుని, గోడ పట్టుకుంటూ, కోచ్‌ని దాటుకుని మెట్ల దగ్గరికి నడుస్తుంది. పడి ఉన్న కొడుకు పక్కన కూర్చుని తల తుడవడం మొదలుపెడుతుంది.

కెప్టెన్ కదలకుండా తుడిపించుకుంటాడు. ఆకాశంలోకి చూస్తూ ఉంటాడు.

జీపు వచ్చేదాకా ఆవిడ తుడుస్తూనే ఉంటుంది.

ఇన్‌స్పెక్టర్ డ్యూటీ దిగబోతుండగా ఫోన్ వచ్చిందట. వస్తూనే ఆవులిస్తాడు. వెంట ఒక కానిస్టేబుల్. కోచ్ మొదటి నుంచీ చెబుతుంది. ఇల్లు, తాళం, రివాల్వర్, నీళ్ళు. చెబుతుంటే తనకే నమ్మబుద్ధి కావడం లేదు. అంతా విని ఇన్‌స్పెక్టర్ పెద్దావిడ ముందు గొంతుక్కూర్చుంటాడు.

"మిమ్మల్ని ఆ గదిలో ఎవరు పెట్టారు పెద్దమ్మా?"

"ఎవరూ పెట్టలేదు బాబూ. చల్లగా ఉంటుందని నేనే పడుకున్నాను."

కోచ్ తల తిప్పి చూస్తుంది.

"బయట తాళం వేసి ఉందంటున్నారు?"

"దొంగల భయం. నేనే వేయించుకున్నాను."

"మరి ఈవిడ?"

పెద్దావిడ కోచ్ ముఖంలోకి చూస్తుంది. నిబ్బరంగా. తువ్వాలు ఇవ్వమన్న మనిషే.

"ఎవరో తెలీదు బాబూ. వెనక గేటులోంచి వచ్చింది. మావాణ్ణి నీళ్ళలోకి లాగేసింది."

కానిస్టేబుల్ కోచ్ మోచెయ్యి పట్టుకుంటాడు.

ఆమె విదిలించుకోదు. కోపం రావాలి. రావడం లేదు. ఇంత దూరం ఈది వచ్చింది దీనికా?

"అబద్ధం."

ఆ మాట కోచ్ అనలేదు. కెప్టెన్ లేచి కూర్చున్నాడు.

"అమ్మ అబద్ధం చెబుతోంది సార్. నేనే పెట్టాను. నేనే తాళం వేశాను. చచ్చిపోయిందని కాగితం పుట్టించాను. రివాల్వర్ పూల్‌లో ఉంది, తీయించండి. నన్ను తీసుకెళ్ళండి."

"నీళ్ళు మింగాడు బాబూ. మతి లేక మాట్లాడుతున్నాడు," అంటుంది పెద్దావిడ. తువ్వాలుతో అతని నోరు తుడుస్తుంది. తుడుస్తూ చెయ్యి నోటి మీదే ఉంచేస్తుంది. "పద చిన్నోడా, లోపలికి పద. పొడి బట్టలు వేసుకుందువుగాని."

"తీసుకెళ్ళండి సార్," అంటాడు ఆ చేతి కిందనుంచే. యాభై దాటిన మనిషి. ఏడుస్తున్నాడు.

ఇన్‌స్పెక్టర్ నుదురు రుద్దుకుంటాడు. తల్లి కాదంటోంది, కొడుకు అవునంటున్నాడు. ఇంటి గొడవ. రేపు స్టేషన్లో ఇద్దరూ ఒకటై తననే తప్పుపట్టే రకం గొడవ. అతనికి ఇలాంటివి చాలా అనుభవమై ఉండాలి. లేచి కోచ్ వైపు తిరుగుతాడు.

"వీళ్ళ సంగతి తర్వాత. మీరు చెప్పండి. తుపాకీ పేలిందన్నారు. అది మీ మీద కాల్చాడా? లేక లాగుతుంటే పేలిందా?"

లాగుతుంటే పేలింది.

ఆమెకి తెలుసు. అతను గురి పెట్టలేదు. వేలు బిగుసుకుని పేలిందంతే. ఆ మాట చెబితే ఇద్దరూ ఇంట్లోకి వెళ్తారు. తలుపు మూసుకుంటారు. ఈ ఇద్దరూ ఒకే కప్పు కింద ఉన్నన్నాళ్ళూ ఆ తాళం మళ్ళీ పడుతుంది. ఈసారి ఎవరి మీద అన్నదే తేడా. లేకపోతే ఒక రోజు అతను ఇంకా ఆలోచించలేదన్నది ఆలోచిస్తాడు.

కెప్టెన్ ఆమెనే చూస్తున్నాడు. పెద్దావిడ కూడా.

"నా మీదే కాల్చాడండీ," అంటుంది కోచ్. "గురి పెట్టి కాల్చాడు."

కెప్టెన్ తల వాలిపోతుంది. చేతులు రెండూ ముందుకు చాస్తాడు. ఆ చేతులకి బేడీలు పడుతుంటే అతని భుజాలు దిగుతాయి. పెద్ద బరువు కింద పెట్టేసిన కూలివాడిలా. జీపు దాకా ఎవరూ నెట్టకుండానే నడిచివెళ్తాడు. వెనక్కి తిరిగి చూడడు.

*

పొద్దున్నే వాంగ్మూలం ఇవ్వడానికి రమ్మని, రివాల్వర్ కూడా అప్పుడే తీయిస్తామని ఇన్‌స్పెక్టర్ చెప్పి వెళ్తాడు. పెద్దావిడకి తోడుగా పక్కింటావిడని లేపి తెస్తానని కానిస్టేబుల్ బయటికెళ్తాడు.

గట్టు మీద ఇద్దరే మిగులుతారు.

కోచ్ కూర్చుని బూట్లు తొడుక్కుంటోంది. తడి కాళ్ళు. ఎక్కడం లేదు.

"అబద్ధం చెప్పావు," అంటుంది పెద్దావిడ.

కోచ్ మడమని బూటులోకి నెడుతుంది.

"గోడకి చెవి పెట్టుకుని అంతా విన్నాను. చెయ్యి ఇవ్వమన్నావు. లాగావు. అప్పుడే పేలింది. వాడు కాల్చలేదు."

"మీరూ చెప్పారు కదండీ, అబద్ధం."

"నేను తల్లిని."

గాలికి నీళ్ళు గట్టుకి తగిలి చిన్నగా చప్పుడు చేస్తున్నాయి. పెద్దావిడ గోడ పట్టుకుని నడిచొచ్చి, కెప్టెన్ కూర్చున్న కుర్చీలోనే కూర్చుంటుంది. గొంతు తగ్గిస్తుంది. బేరమాడే గొంతు.

"రేపే కదా రిజిస్ట్రేషన్? నేను వస్తాను. నా చేత్తో నేను సంతకం పెడతాను. ఇల్లు నాది, బతికే ఉన్నాను, ఎవరు కాదంటారు? ఇల్లు తీసుకో. ఈ నీళ్ళు తీసుకో. పొద్దున్నే స్టేషన్‌కి వెళ్ళి మాట మార్చు. కంగారులో చెప్పాను, లాగుతుంటే పేలిందని చెప్పు. అదేగా నిజం! నా చిన్నోణ్ణి నాకు ఇప్పించు."

కోచ్ చేతిలో బూటు అలాగే ఉండిపోతుంది.

కొడుకు ఎన్నేళ్ళు అడిగినా వదలని ఇల్లు. కొడుకు చేయిదాటి పోతుంటే వదిలేస్తోంది. రాత్రికి రాత్రి అన్నీ సవ్యంగా జరిగిపోతాయి. చెప్పాల్సింది కూడా నిజమే.

"విడిపించాక ఎక్కడుంటారు, ఇద్దరూ?"

"ఏదో చిన్న ఇల్లు చూసుకుంటాం. ఒక్క గదైనా చాలు మాకు." పెద్దావిడ ముఖం వెలుగుతుంది. "ఇంకెక్కడికీ పోడు వాడు. నేను పోనివ్వను."

కోచ్ చాలాసేపు నీళ్ళని చూస్తుంది. తర్వాత రెండో బూటు కూడా తొడుక్కుంటుంది. బ్యాగు ఎడమ భుజానికి తగిలించుకుంటుంది. లేచి నిలబడుతుంది.

"కోర్టులో అడిగినా ఇదే చెప్తానండీ."

"ఏమని?"

"కాల్చాడని."